రేడియోలోంచి పారిన కృష్ణ

"నేనేం చెప్పినా కోతలంటారు గానీ, నిన్న పొద్దున మా పొలం గట్టు మీద బెజవాడ రేడియో పలికిందయ్యా," అన్నాడు యలమందయ్య అన్నయ్య.

ఆయన ఇంటి అరుగు మీదే ఉన్నారు ముగ్గురూ. ఆయన, మా పొరుగు పిచ్చయ్య బావ, రాయచూరు నుంచి మైకుసెట్టు తెచ్చిన నాగన్న. నేను సెల్లుల కోసం వెళ్ళి మెట్టు దగ్గర నిలబడ్డాను.

"అన్నయ్యా, మైకు సెల్లులిస్తే పోతాను."

"ఇస్తానమ్మా తులశమ్మా, ఎక్కడికి పోతయ్యవి? కూర్చో. ముందు బెజవాడ సంగతి విను."

కూర్చున్నాను. వేరే దారి లేదు.

కాలవ సాగు కోసం కన్నడ దేశమొచ్చి ఇళ్ళేసుకున్న మా తెలుగువాళ్ళ క్యాంపులో సాయంత్రం నాటకం. మావాళ్ళు రాసుకున్నదే, 'చివరి తూము' అని పేరు పెట్టారు. అందులో మా అమ్మాయి శివపార్వతికి చిన్న వేషం ఉంది. పోయినేడు దాని గొంతుకు జబ్బు చేసింది. ఆపరేషన్ చేశారు. పిల్ల దక్కింది. గొంతు సగమే దక్కింది. అప్పట్నుంచి నలుగురిలో నోరు విప్పలేదు. ఈ వేషం మాత్రం తనే అడిగి తీసుకుంది. బొంబాయిలో ఓడల మీద పనిచేసే మా తమ్ముడు ఆ సంగతి విని, కొంగుకు తగిలించుకునే మైకు ఒకటి పంపాడు. దానికి వైరుండదు. మాటను పట్టే పెట్టె వేరే ఉంటుంది, దాన్ని నాగన్న తన సెట్టుకు కలుపుతాడు. మైకుతోపాటు మళ్ళీ మళ్ళీ ఛార్జింగు పెట్టుకునే సన్న సెల్లులూ, ఛార్జింగు డబ్బా కూడా పంపాడు. ఆ సైజు సెల్లులు మా వైపు ఏ కొట్లోనూ దొరకవు. మా వీధిలో కరెంటు నిలవదు. అన్నయ్య ఇంటికి రైసుమిల్లు లైను ఉంది. పైగా నాటకానికి ఆయనే పెద్ద. మొన్న సాయంత్రం డబ్బా తెచ్చి ఆయన చేతిలో పెట్టాను.

"పగలు బెజవాడా?" అన్నాడు పిచ్చయ్య బావ. "రాత్రిపూట గాలి బాగుంటే ఒకటి అరా ముక్క వినపడుద్ది. పగలు కన్నడం తప్ప ఇంకోటి పలగ్గా నేను వినలా."

"నువ్వు వినలా, నేను విన్నా, అంతే తేడా. దేవదుర్గ నుంచి వచ్చిన నాట్ల కూలీలు మడిలోకి దిగారు, నేను గట్టున కూర్చుని రేడియో చెవి మెలిపెట్టా, మామూలుగా అయితే గరగరమంటది గదా, నిన్న గరా లేదు గిరా లేదు, పక్కింట్లోంచి పిలిచినట్టు పిలిచిందయ్యా బెజవాడ! చప్పుడు ఎంతనుకున్నావ్? మడిలో కొంగలన్నీ ఒక్కసారి లేచి పక్క క్యాంపులో వాలినయ్యి. పక్క క్యాంపు వాళ్ళేమో ఎన్నికల జీపొచ్చిందనుకుని దండలు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు."

"అంతలోకే దండలెక్కడివి?"

"వాళ్ళింట్లో ఎప్పుడూ ఉంటయ్యి. నువ్వు అడ్డం రాకు పిచ్చయ్యా."

"అన్నయ్యా, సెల్లులు," అన్నాను.

"లేస్తన్నా తల్లీ, ఈ ఒక్క ముక్కా చెప్పి లేస్తన్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చప్పుడు సంగతి అట్లా ఉంచు. స్పష్టత! లోపలాయన కాయితం తిప్పితే వినపడ్డది. మంచినీళ్ళు మింగితే వినపడ్డది. మధ్యలో దగ్గాడు పాపం, పొడిదగ్గు, నాకు మనసాగలా, 'మిరియాల కషాయం పుచ్చుకోవయ్యా' అన్నాను. ఆయన ఏమన్నాడో తెలుసా? 'అట్లాగేనండీ' అన్నాడు!"

"ఎవరన్నారు?" అన్నాడు నాగన్న.

"ఎవరేంటి, బెజవాడాయన."

"రేడియోలకెల్లా? అన్నా, నేను చిన్నప్పటి సంది గిదే పని చేస్తున్న. రేడియో చెప్తది. వినదు."

"నువ్వు చూసిన రేడియోలు వినవు నాగన్నా. సెల్లుల్లో సత్తువ ఉండాలి. సత్తువ ఉంటే ఎందుకు వినదు? 'ఎవరండీ మాట్లాడేది?' అన్నాడాయన. 'యలమందయ్యనండీ, తుంగభద్ర కాలవ కింద, సింధనూరు పక్క క్యాంపు' అన్నా. 'మీది రేపల్లె తాలూకా కాదూ, మీ నాన్నగారి సవారీ బండి నేనెరుగుదును' అన్నాడయ్యా! ఇంకా విను. నేనిక్కడ మాట్లాడిన మాట అక్కడ అందరి రేడియోల్లోనూ వస్తంది. మా చిన్నమ్మ రేపల్లెలో పప్పు రుబ్బుతా నా గొంతు గుర్తుపట్టి, 'ఒరే మందా, అన్నం తిన్నావురా?' అంది. ఆ మాట మళ్ళీ బెజవాడ మీదుగా నా చెవినపడ్డది. రోలు చప్పుడుతో సహా!"

పిచ్చయ్య బావ కళ్ళు తుడుచుకుని ముక్కు ఎగబీల్చాడు. కోతలని తెలిసీ ఎగబీల్చాడు. నాకు ఒళ్ళు మండింది.

"అన్నయ్యా, నాగన్న పెట్టె బిగించుకోవాలి. పిల్ల ఒకసారి మాట్లాడి చూసుకోవాలి."

"చూసుకుంటుందమ్మా, దానిదేముంది. అట్లా వినపడేసరికి నాట్ల ముఠా పెద్ద, హుచ్చమ్మ, మడిలోంచి నడుం ఎత్తి 'యారప్పా అదు?' అని కేకేసింది. ఎవరయ్యా అదీ అని. బెజవాడాయన తగ్గాడా? కన్నడంలో అందుకున్నాడు! 'ఊట ఆయ్తా అమ్మా?' అన్నాడు. అన్నం తిన్నావా అని ఇంతవరకు ఏ ఆసామీ అడిగిన పాపాన పోలేదు గదా వాళ్ళని, దాంతో హుషారొచ్చి నాటటం మొదలుపెట్టారయ్యా, చేతులు కనపడితే ఒట్టు! నా మడులైపోయినయ్యి. పిచ్చయ్య మడులైపోయినయ్యి."

"నా మడులా? నా మడులు నెర్రెలిచ్చి ఉన్నయ్యి గదయ్యా!"

"అందుకే నీకు తెలియలా. నెర్రెల్లోనే నాటారు. గట్లెక్కారు, గట్ల మీద నాటారు. రోడ్డెక్కి తారు మీద నాటబోతుంటే నేనే చేతులు చాపి అడ్డం నిలబడ్డా. లేకపోతే ఇవాళ ముదగల్లు బస్సు వరిచేల్లో నడిచేది."

నాగన్న తువ్వాలు నోటికడ్డం పెట్టుకున్నాడు. నేను లేచాను.

"లోపల ఎక్కడున్నాయో చెప్పు. నేనే తెచ్చుకుంటా."

"కూర్చో చెల్లెమ్మా! అసలుది ఇప్పుడొస్తుంటే లేస్తావేం? బెజవాడాయన అడిగాడు, 'నీళ్ళెట్లా ఉన్నాయి యలమందయ్యగారూ?' అని. 'ఎక్కడి నీళ్ళండీ, మాది చివరాయకట్టు, పై క్యాంపుల వాళ్ళు తాగి మూతి తుడుచుకున్నాక మాకు తడి వాసన వస్తది' అన్నా. ఆయన కాసేపు పలకలా. 'ఉండండి' అన్నాడు. కుర్చీ జరిగింది. తలుపు తీశాడు. చెప్పులేసుకుని టకటకా మెట్లు దిగాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? హోరు! మన కృష్ణ హోరు! ఆ మహానుభావుడు మైకు తీసుకెళ్ళి ఆనకట్ట మీద నిలబెట్టాడయ్యా! ముందు చప్పుడొచ్చింది, తర్వాత చల్లగాలొచ్చింది, తర్వాత రేడియో జాలీలోంచి ఒక చుక్క, ఇంకో చుక్క, చూస్తుండగానే ధార, ధారకాస్తా బోదె, బోదె కాస్తా కాలవ! నా మడి నిండింది, పక్క మడి నిండింది, గట్టు తెగ్గొట్టి పిచ్చయ్య వైపు కూడా వదిలా..."

"నావైపు రాలా," అన్నాడు పిచ్చయ్య బావ, నిజంగానే కష్టపెట్టుకుని.

"దారిలో ఇంకిపోయి ఉంటది. చివరికి ఇంత బొచ్చె చేపపిల్ల ఒకటి కొట్టుకొచ్చి జాలీలో ఇరుక్కుంది కాబట్టి ఆగింది గానీ, లేకపోతే ఇవాళ మనం ఈ అరుగు మీద ఈత కొడుతుండేవాళ్ళం."

"అన్నా," అన్నాడు నాగన్న, "గా కృష్ణ మా దేవసూగూరు ముంగట్నుంచే బెజవాడకు పోతది. పోయిన నీళ్లు మల్ల ఎనక్కొచ్చినయా?"

"వచ్చినయ్యి. నదికి వంకరలున్నయ్యి, రేడియోకి లేవు. అడ్డదారిన వచ్చినయ్యి. పొద్దుగూకేదాకా ఆపలేదంటే నమ్ము, ఆపితే ఆయన నొచ్చుకుంటాడని అన్నానికి కూడా లేవలా. ఇదిగో, చొక్కా జేబు ఇప్పటికీ ఆరలా, ముట్టుకుని చూడు!"

"జేబా?" అన్నాను.

"జేబేనమ్మా. రేడియో ఉన్నది అందులోనే గదా."

అన్నయ్య పాత రేడియోను రెండు చేతులతో ఎత్తాలి. జేబులో పట్టేది ఒక్కటే ఉంది ఆ ఇంట్లో. కిందటేడు మా తమ్ముడు ఆయనకు తెచ్చిచ్చిన బుల్లి రేడియో. దానికి పట్టే సెల్లులు దొరక్క ఏడాదిగా మూగగా పడి ఉంది.

ఆయన జేబు వైపు చూశాను.

"దాన్లో ఏ సెల్లులు వేశావన్నయ్యా?"

ఆయన మీసం దువ్వుకోబోయి ఆగాడు.

"ఏవో... అంటే, నువ్వు ఛార్జింగు పెట్టమన్నావు, పెట్టా. పెట్టాక ఎక్కిందో లేదో చూడొద్దూ? తీరా నాటకంలో మాట పడిపోతే ఎవరికి చెడ్డపేరు? ఊరికే ఒకసారి వేసి చూద్దామని..."

"పొద్దుగూకేదాకానా?"

అన్నయ్య జేబులోంచి రేడియో తీసి నాగన్న ముందు పెట్టాడు. జేబు పొడిగానే ఉంది. నాగన్న వెనక మూత తీశాడు. మా తమ్ముడు పంపిన సెల్లులే. వాటిని మైకులో వేసి మీట నొక్కాడు. ఎర్రదీపం వెలిగింది. నా ప్రాణం లేచొచ్చింది. అంతలోనే దీపం ఆరిపోయింది.

"గివి మెల్లమెల్లగ తగ్గవక్కా," అన్నాడు. "ఉన్నట్టుండి ఖతమైతయి. మల్ల నిండాలంటే రాత్రంత పెట్టాలె."

"కాసేపు ఎండలో పెడితే?" అన్నాడు అన్నయ్య.

"ఎండల పెడితే కరాబైతయన్నా. ఏం జెయ్యమంటవ్? నా వైరు మైకు లింగసూగూరు పెండ్లికి పంపితి. నువ్వే గద అంటివి, మాకు వైరు లేనిది ఉన్నది, నీ వైరుది ఎవరిక్కావాలె అని?"

పిచ్చయ్య బావ మెల్లగా అడిగాడు.

"బెజవాడ అసలు పలికిందా?"

అన్నయ్య రేడియో వైపు చూశాడు.

"గరగరే. ఒక్కసారి ఎవరో దగ్గారు. తెలుగు దగ్గులాగే ఉంది. మళ్ళీ దగ్గుతాడేమోనని ఆపలా."

ఇంకొకప్పుడైతే జాలి పడేదాన్ని. ఆ పూట నా దగ్గర జాలి లేదు. పందిరి వేశారు. పై క్యాంపుల నుంచి కూడా జనం వస్తారు. పిల్ల మధ్యలో నిలబడి పెదవులు కదిపితే, వెనకనుంచి ఎవడో ఒకడు 'గట్టిగా' అని అరుస్తాడు. ఆ ఒక్క అరుపు చాలు. మళ్ళీ నోరు విప్పదు. అదే నా కళ్ళ ముందు కదులుతోంది.

అన్నయ్య తేరుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు.

"అయినా దీనికింత హైరానా ఎందుకు? మైకు లేకపోతే నాటకాలాడలేదా? రేపల్లెలో నేను వేషం కట్టినప్పుడు మైకెక్కడిది? ఒక్క మాట విసిరితే పందిరి మీద తాటాకులు లేచి మళ్ళీ సర్దుకునేయి. ఒకసారైతే నేను నవ్విన నవ్వుకి రైల్వేగేటు దానంతటదే పడిపోయింది, స్టేషను మాస్టరు పరిగెత్తుకొచ్చి, 'అయ్యా, బండి వచ్చే వేళ కాదు, దయచేసి నవ్వమాకండి' అని..."

అప్పుడే శివపార్వతి వచ్చింది. వేషం చీర కట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఏదో అడిగింది. పెదవులు కదిలాయి. ఇక్కడ అన్నయ్య కథలో స్టేషను మాస్టరు దణ్ణం పెడుతున్నాడు. పిల్ల మళ్ళీ అడిగింది. పిచ్చయ్య బావ, "గేటు మళ్ళీ ఎట్లా లేచింది?" అంటున్నాడు. మళ్ళీ అడిగింది.

నేను అన్నయ్య ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

"అన్నయ్యా, పొలం గట్టున కూర్చుని నువ్వన్న మాట బెజవాడకు వినపడింది. రేపల్లెలో పప్పు రుబ్బేవాళ్ళకు వినపడింది. నీ గుమ్మంలో నిలబడి నీ మేనకోడలు మూడుసార్లు అడిగింది. నీకు వినపడలా."

ఆయన ఆగిపోయాడు. నోరు తెరిచే ఉంది. పిచ్చయ్య బావ కూడా గుమ్మం వైపు తిరిగాడు. నాగన్న చేతిలోని మైకు కింద పెట్టాడు.

"మైకు లేదా అమ్మా?" అంది శివపార్వతి.

సన్నగా ఉంది గొంతు. గరుగ్గా ఉంది. అరుగు మీద ముగ్గురికీ వినపడింది.

"లేదమ్మా."

పిల్ల కాసేపు నేల చూసింది.

"అయితే జనాన్ని దగ్గరగా జరిగి కూర్చోమనండి," అంది. "మాట్లాడకుండా వినమనండి."

"వినొచ్చె... మంచిగ వినొచ్చిందమ్మా," అన్నాడు నాగన్న.

యలమందయ్య అన్నయ్య లేచి, తువ్వాలు భుజాన వేసుకుని, మెట్లు దిగాడు. ఏదో చెప్పబోయాడు. పిల్ల ఆయన వైపు చూసింది. గొంతు సవరించుకోవడం కూడా మానేశాడు.

"చాపలు నేను ముందుకు లాగుతా," అన్నాడు, గుసగుసగా.

ఆయనకు గుసగుసలాడటం వచ్చని అప్పటిదాకా మా క్యాంపులో ఎవరికీ తెలియదు.