మా కాదురా, మన

టైలరు దుకాణం, మధ్యాహ్నం. ముందు గదిలో టైలరూ, ఫుట్‌బాల్ క్లబ్బులో మేనేజరుగా పనిచేసే ఆయన బావమరిదీ ఉన్నారు. తెర వెనక ఎంబ్రాయిడరీ మిషను మీద టైలరు భార్య ఉంది. వీధిలో మైకు కట్టిన వ్యాను టైలరు గొంతు కోసం కాచుకుని ఉంది.

"మళ్ళీ చదువు. ఈసారి నసగకుండా."

"బావా, వ్యానులో మాట్లాడేది నువ్వు కదా, నేనెందుకు చదవడం? నీ గొంతు వింటే జనం వస్తారు. నా గొంతు వింటే వద్దామనుకున్నవాళ్ళు కూడా తలుపులేసుకుంటారు."

"రాసింది నువ్వేగా? చెవికి ఎలా ఉంటుందో నాకు వినబడాలి. చదువు."

"సరే, సరే. 'అభిమానులారా! ఈ ఆదివారం మన మైదానంలో మా జట్టు ఆడబోయే ఆఖరి మ్యాచ్‌కి...'"

"ఆపు. ఏ జట్టు?"

"మన జట్టు."

"మరి 'మా' అని చదివావేం?"

"ఏదో నోరు జారింది. అదైనా ఇదైనా ఒకటేగా!"

"ఒకటేనట! ఒరేయ్, 'మా జట్టు' అన్నావనుకో, అది పెళ్ళికి పిలిచినట్టు. పెళ్ళి మాది, మీరొచ్చి భోంచేసి వెళ్ళండి అని. తీరికుంటే వస్తారు, లేకపోతే లేదు. 'మన జట్టు' అన్నావనుకో, మన ఇల్లు కారుతోంది, బకెట్టు పట్టుకుని రారా అని. ఇక రాకుండా ఎవడుంటాడు?"

"అబ్బో! అక్కా, విన్నావా? మీ ఆయన పాఠాలు కూడా చెబుతున్నాడు."

"మీ ఇద్దరి మధ్యలోకి నన్ను లాగకండి. టీ పెట్టనా?"

"ఇప్పుడేగా తాగాం! నువ్వు కుట్టుకో. ఒరేయ్, నవ్వుతావేంట్రా? సీజనంతా ఓడి ఓడి పట్టికలో అట్టడుగున పడి ఉన్న జట్టు మీది... చూడు, నా నోట కూడా వచ్చేస్తోంది నీ దరిద్రం! మన జట్టు. అలాంటి జట్టుకి మైదానం గట్టు మీద ఇంకా జనం కనబడుతున్నారంటే అది ఎవరి వల్ల?"

"నీ వల్లే బావా. ఎవరు కాదన్నారు?"

"ఆ రిటైరైన రైలు గార్డుని తెచ్చింది ఎవరు?"

"ఆయన సంగతి ఎత్తకు బావా, నీకు పుణ్యముంటుంది. ఆయన ఈల ఊదితే రిఫరీ ఊదాడనుకుని మన గోల్‌కీపరు బంతి వదిలేసి నీళ్ళ సీసా అందుకున్నాడు. వాళ్ళు తీరిగ్గా నడుచుకుంటూ వచ్చి గోలు కొట్టి వెళ్ళారు."

"అభిమానం ఆగలేదు, ఊదాడు. ఈల లాక్కున్నా, ఆయన మాత్రం వస్తూనే ఉన్నాడు కదా? గుమ్మం గుమ్మం ఎక్కానురా. తలుపు మొహాన వేస్తే కిటికీ దగ్గరికెళ్ళి పిలిచా. మొన్న మీ అక్క జ్వరంతో పడుకుంటే కూడా, గట్టు ఖాళీగా ఉంటే పిల్లలు డీలా పడతారని వెళ్ళానా లేదా? నువ్వే చెప్పు, వెళ్ళానా లేదా?"

"వెళ్ళారండీ."

"చూశావా! అదీ. మరి మొన్న పళ్ళ దుకాణం పెద్దమ్మ ఏమందో తెలుసా? 'ఏమయ్యా, క్లబ్బు అమ్మేస్తారటగా, ఎటో పట్టుకుపోతారటగా, ఇంక మేమొచ్చి ఏం లాభం?' అంది."

"ఎవరు... ఎవరు చెప్పారట ఆవిడకి?"

"ఎవడో పనీపాటా లేనివాడు. నేను వదుల్తానా? 'మేనేజరు నా సొంత బావమరిది. నాకు తెలియకుండా అక్కడ చీమ కూడా కదలదు. జట్టు ఎక్కడికీ పోదు, నాదీ పూచీ' అని ఆవిడ తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాను. చుట్టూ వీధి వీధంతా ఉంది. అప్పుడు నమ్మారు. ఆదివారం అందరూ వస్తున్నారు."

"ఒట్టెందుకు వేశావు బావా?"

"ఏం, వేయకూడదా?"

"అని కాదు. పెద్దావిడ కదా... ఊరికే అన్నా."

"ఊరికే ఏంట్రా? మొహం అలా మాడిందేం?"

"ఉక్కగా ఉంది. ఫ్యానేది? ఆ... ఆదివారం వాన పడితేనో అని ఆలోచిస్తున్నా."

"పడితే తడుస్తాం. పోయిన మ్యాచ్‌కి గట్టు మీంచి జారి బేకరీ ఆయన కిందిదాకా దొర్లాడు. అలా దొర్లుతూనే 'కొట్టు, కొట్టు' అని అరిచాడు మహానుభావుడు."

"ఇంకెన్నాళ్ళులే బావా ఆ బురద! వచ్చే సీజన్‌ నుంచి మా స్టేడియానికి పైకప్పు ఉంటుంది."

"ఏమన్నావు?"

"పైకప్పు."

"దానికి ముందు."

"వచ్చే సీజన్."

"దానికి తర్వాత."

"బావా, టైమవుతోంది, డ్రైవరు చూస్తున్నాడు..."

"దానికి తర్వాత ఏమన్నావురా?"

"మా... మన స్టేడియం."

"గోలు వల చిరిగితే ఇక్కడికి తెచ్చి నా చేత కుట్టించుకున్నారు. అలాంటి వాళ్ళు గట్టుకి పైకప్పు వేస్తారా? ఏ స్టేడియంరా? ఎవరిది?"

"అక్కా, టీ పెడతానన్నావుగా?"

"పెడతా, ఇదిగో, లేస్తున్నా..."

"ఎవరూ టీ పెట్టక్కర్లేదు! కూర్చోండి ఇద్దరూ. ఒరేయ్, ఇంతకీ ఆ నీలం జెండాలు ఏ స్కూలువి?"

"ఏ నీలం జెండాలు?"

"నువ్వు తానులకి తానులు తెచ్చి పడేస్తే నేను అంచులు కుట్టి ఇస్తున్నానే, ఆ నీలం జెండాలు. స్కూలు ఆటల పోటీలకి అన్నావు. ఏ స్కూలు?"

"ఏదో స్కూలు బావా. పేరు నాలిక మీదే ఉంది..."

"ఊడిపడలేదన్నమాట. ఇదిగో, తెర వెనక నువ్వు కుడుతున్న బ్యాడ్జీ ఒకటి ఇటు ఇవ్వు."

"ఇంకా దారాలు కత్తిరించలేదండీ."

"పర్లేదు, ఇవ్వు."

"మీ చేతికి సుద్ద ఉంది, మరక పడుతుంది."

"ఎప్పుడడిగినా ఇదే మాట. దారాలు, సుద్ద, చెమట. ఇవ్వవే బాబూ, తినేయను... ఏంటిది? ఇది కొంగ."

"లోకంలో కొంగలకేం తక్కువ బావా? ఆ స్కూలు వాళ్ళకి కూడా..."

"నోర్ముయ్. కుడికాలి మీద నిలబడ్డ కొంగరా ఇది! క్లబ్బు అసలు గుర్తులో కొంగ ఎడమకాలి మీద ఉండేది. పెళ్ళయిన కొత్తలో మీ అక్క డిజైను కాయితం తిరగేసి పెట్టి కుట్టేసింది. తెల్లారితే మ్యాచ్, విప్పే టైము లేదు. అందరూ నవ్వారు. ఆ ఏడే కప్పు గెలిచారు. కుడికాలు అచ్చొచ్చిందని అప్పట్నుంచీ అదే ఉంచేశారు. కుడికాలి కొంగ ఇంకెవరికి ఉందిరా ఈ భూమ్మీద? దీని కింద ఈ ఊరి పేరేంటి? ఇది మన ఊరు కాదే!"

"బావా, మెల్లిగా. వీధిలోకి వినబడుతుంది."

"వినబడనీ! చెప్పు."

"ఓనరు అమ్మేస్తున్నాడు బావా. ఆ ఊరివాళ్ళు కొంటున్నారు. మాట ఇంచుమించు అయిపోయింది. ఆదివారం వాళ్ళు మ్యాచ్‌కి వస్తున్నారు, గట్టు నిండుగా ఉంటే సంతకం పెడతారు."

"పట్టుకుపోయేది జట్టునేగా? గట్టు నిండితే వాళ్ళకేంటి, ఎండితే వాళ్ళకేంటి?"

"ఓడిపోయే జట్టుకే ఇంతమంది వస్తున్నారంటే, రేపు అక్కడ గెలిస్తే ఇంకెంతమంది వస్తారోనని. వాళ్ళ ఆశ వాళ్ళది."

"ఆగు, ఆగు. అంటే నేను పిలిచినవాడల్లా... ఆ గార్డు, బేకరీ ఆయన, ఆ పెద్దమ్మ... వీళ్ళంతా జట్టుని నిలబెట్టడానికి వస్తున్నామనుకుని, దాన్ని సాగనంపడానికి వస్తున్నారా?"

"అలా అనకు బావా."

"ఎలా అనమంటావు? నా గొంతుతోనే నా గొంతు కోశావు కదరా! ఆవిడ తల మీద చెయ్యి పెట్టానురా నేను. రేపు ఆ పెద్దమ్మ మొహం ఎలా చూడను? జట్టు పోయినందుక్కాదు, నువ్వు... నా చేతుల మీద పెరిగినవాడివి. భుజాల మీద ఎక్కించుకుని నిన్ను ఆ గట్టు మీదికి మొదటిసారి తీసుకెళ్ళింది నేను. ఒక్క మాట, ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"చెబితే నువ్వు మైకు పట్టుకునేవాడివా? జనం రాకపోతే బేరం పోతుంది బావా. ఓనరు ఎటూ తాళం వేసేస్తాడు. ఆటగాళ్ళు రోడ్డున పడతారు. పోయేది ఎలాగూ పోతుంది, కనీసం కొంగ బతికుంటుంది కదా?"

"నీ సంగతేంటి?"

"నన్ను కూడా తీసుకెళ్తున్నారు."

"అదీ సంగతి. అందుకా 'మా స్టేడియం'! పుట్టి బుద్ధెరిగాక నాతో ఏనాడూ 'మా జట్టు' అనని వాడివి, ఇవాళ రెండుసార్లు 'మా' అన్నావు. సరే, చెప్పు. ఆ 'మా'లో ఎవరెవరు ఉన్నారు?"

"కోచ్, ఆటగాళ్ళలో కొంతమంది, నేను."

"ఇంకా?"

"ఇంకా అంటే... అక్కా, నువ్వన్నా చెప్పవే."

"దాన్నెందుకు లాగుతావురా మధ్యలోకి? చేసింది చాలలేదా? సొంత అక్క! దానికి కూడా చెప్పకుండా, ఏదో స్కూలని దాని చేత్తోనే కొంగని కుట్టించావు. వేళ్ళు కాయలు కాసేలా కుట్టింది పిచ్చిది."

"ఏవండీ, కాస్త కూర్చోండి."

"కూర్చోను. ఆ కాయితం ఇటివ్వరా. అక్కర్లేదు, నువ్వే ఉంచుకో, చింపుకో. నేను వ్యాను ఎక్కుతున్నా. వీధి వీధికీ చెబుతా. ఆదివారం ఎవరూ రావొద్దంటా. పెద్దమ్మా, నా ఒట్టు నమ్మొద్దంటా."

"బావా, నీ కాళ్ళు పట్టుకుంటా. మైకులో చెప్పకు. మునిగిపోతాం."

"మునుగుతామా? మునిగేది ఎవరు, మీరా మేమా? సరిగ్గా చెప్పు, ఇవాళ నాకు ఆ తేడా బాగా తెలుస్తోంది! ఇదిగో, నువ్వు కూడా లే. మిషను కట్టెయ్. వ్యానులో నా పక్కన కూర్చో. నీ కొంగని దొంగిలించారు వీళ్ళు. ఆ బ్యాడ్జీ అందరికీ చూపిద్దాం. ఇద్దరం కలిసి చెబుదాం, మన..."

"'మన' అనకండి."

"ఏం? ఎందుకనకూడదు?"

"ఊరందర్నీ గుమ్మం గుమ్మం ఎక్కి పిలిచారు. కిటికీల్లోంచి కూడా పిలిచారు. ఇన్నేళ్ళలో నన్ను ఒక్క మ్యాచ్‌కి రమ్మన్నారా?"

"ఇదేంటి ఇప్పుడు? నువ్వు ఇంటి మనిషివి. నిన్ను పిలిచేదేంటి?"

"ఆ కొంగని కుట్టడమే గానీ, అది మైదానంలో ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూడలేదండీ. నాకూ చూడాలని ఉండేది. పిలుస్తారేమో అనుకునేదాన్ని."

"అడిగితే తీసుకెళ్ళేవాణ్ణి కదే! సరే, తప్పే, ఒప్పుకుంటున్నా, ఆ గొడవ తర్వాత పడదాం. ముందు వీడి సంగతి..."

"వాణ్ణేం అనకండి. అక్కడ జెర్సీల పనికి కుట్టేవాళ్ళు కావాలన్నారట. వాడు నన్ను రమ్మనలేదు. నేనే తీసుకెళ్ళమని వాణ్ణి అడిగాను."

"అక్కా, ఇప్పుడొద్దే..."

"ఉండరా. ఎప్పుడో ఒకప్పుడు చెప్పాలిగా."

"అడిగావా? నాతో చెప్పకుండా అడిగావా? ఇద్దరికీ కలిపి అడిగావా?"

"మీరు గట్టు వదిలి రారు కదండీ. అది నాకు తెలుసు. అందుకే మీ పేరు చెప్పలేదు."

"అంటే... ఈ నీలం గుడ్డ స్కూలుది కాదని..."

"తెలుసు. మొదటి బ్యాడ్జీ కుట్టినప్పట్నుంచీ తెలుసు."

"మరి వీడు ఇందాక..."

"వాడు నోరు జారి అనలేదండీ, సరిగ్గానే అన్నాడు. ఆ 'మా'లో నేనూ ఉన్నాను."