కొత్త పాస్‌వర్డ్

చింతామణిలో ఆ ఇంట శుక్రవారం తాంబూలాలు ముగిసి, పేరంటాళ్లంతా ఎల్లిపోయినారు. తానిచ్చిన మల్లెపూలు అంబిక జడలో ఎంత బాగా అమిరినాయో ఆ ఇంటి ఇల్లాలి కండ్లల్లో ఇంకా మెదులుతానే ఉండాది. కుంకుమ భరిణె మూసి, ఫోన్ చూసుకుంటాండే మొగుడి ముందర నిలబడింది.

"మీ ఆఫీసు అంబిక మనింటికి రావడం ఇదే మొదలా?"

"మొదలే గదా. నువ్వేగా పిలిచింది."

"వైఫై పాస్‌వర్డ్ చెప్తానంటి ఆమెకి."

"అందరికీ చెప్పద్దు. పక్కింటోళ్లు వాడుకుంటాండారనే గదా నేను మార్చింది."

"ఎప్పుడు మార్చినారు?"

"నువ్వు కాన్పుకని మిట్టేమరికి, మీ పుట్టింటికి పోయినప్పుడు."

"ఔను. బిడ్డనెత్తుకొని వస్తే నా ఫోన్‌కే పట్టలేదు. మిమ్మల్నడిగి వేసుకుంటి."

"సెక్యూరిటీ అంటే అట్లే ఉండాల. ఇంతకీ చెప్పేసినావా?"

"చెప్పబోతే ఆమే వద్దనింది."

"మంచిదే."

"‘వద్దక్కా, గడప తొక్కంగానే నా ఫోన్‌కి దానంతటదే పట్టుకునింది’ అని నవ్వింది."

అతను ఫోన్ బోర్లా పెట్టినాడు.

"ఎట్ల మార్చాలో చెప్పండి, ఇప్పుడు నేను మారుస్తా. ఈసారి ఆమె ఫోన్‌కే కాదు, మీ ఫోన్‌కీ పట్టకూడదు."