ఓబులేసు ఉలవలు పరిచిన మలుపు

ఓబులేసు ఆటో తోల్తే చక్రాలు నేలకు ఆనవంట, అట్లా తోలేటోడు. ఆ యేడు వానికి ఎకరా ఉలవలు పండినాయనుకో. ఇప్పుడు కళ్లాలు యాడుండాయప్పా? మనమందరం చేసేదే వాడూ చేసినాడు, ఉలవ చెట్లు పీక్కొచ్చి తారురోడ్డు మలుపుకాడ పరిచినాడు. వచ్చేపొయ్యే బండ్లు తొక్కితే గింజలు అవే రాల్తాయి, కూలీ లేదు నాలీ లేదు. పొద్దున బస్సు డ్రైవరు కాసింసాబు బస్సు ఆపి మరీ తిట్టినాడంట, మబ్బు పట్టిందిరా, తడిస్తే ఆ పొట్టు ఎన్నపూస అయితాది, ఎత్తెయ్యి అని. వీడు ఇంటాడా? నీ చక్రాలేమన్నా అరిగిపోతాయా మామా అని నవ్వి ఇంటికి పొయ్యినాడు.

ఏమైందంటే, మధ్యాన్నానికి వాని పెండ్లాం లింగమ్మకు నొప్పులొచ్చినాయి. తొలి కానుపు. ఆయమ్మను ఆటోలో కూచోబెట్టి, పక్కన వాని పెద్దమ్మ తిప్పక్కను ఎక్కించుకోని బయల్దేరినాడు. అప్పుడే తుంపర మొదలాయె. సూడండప్పా, పెద్దవాన కన్నా తుంపరే చెడ్డది, దుమ్మూ నూనే కలిసి రోడ్డంతా జిడ్డు. వీనికేమో భయం. ఆ భయానికి ఇంకా జోరుగా తోల్తాండాడు. తిప్పక్క వీపు మీద చరిచి, నిదానంగా పోరా, దాన్ని చేర్చాల్సింది ఆసుపత్రికి, గుంతలోకి కాదు అంటాంది. వాని చెవికెక్కలే, ఎక్కలే, మలుపు వచ్చినంక ఎక్కింది. ఎదురుగ్గా నున్నగా తడిసి తన ఉలవలే! కాలు బ్రేకు మీదికి పోతాంటే తిప్పక్క అరిచిందంట.

"తొక్కొద్దురా! బురదలో ఎద్దుకు పగ్గం గుంజితే కూలబడ్తాది, ఇదీ అంతే. వదులు!"

కాలు ఎత్తినాడు, ఎక్సిలేటరు వదిలినాడు, హాండిలు మాత్రం గట్టిగా పట్టుకున్నాడు. ఆటో జారింది, జారింది, జారి జారి మోరీ గోడకు జానెడు దూరంలో నిలబడింది. లింగమ్మ కండ్లు మూసుకోనుంది. వీడు దిగి, మోకాళ్ల మీద కూచోని, రెండు చేతుల్తో ఉలవలు పక్కకు తోసి చక్రాలకు దోవ చేసినాడు. గింజలు బురదపాలయితే కానీ అన్నాడు. ఆడనుంచి ఆసుపత్రి దాకా ఎద్దులబండి మాదిరి పొయ్యినాడు, సైకిలోడు దాటిపొయ్యినా ఊరకుండినాడు.

ఆడబిడ్డ పుట్టింది, తల్లీబిడ్డా సల్లగుండారు. మూడోనాడు చక్కెర పొట్లం పట్టుకోని బస్సుకు అడ్డం నిలబడినాడంట, కూతురు పుట్టింది మామా అని. కాసింసాబు చక్కెర అరచేతిలో పోసుకున్నాడు గానీ నోట్లో ఏసుకోలే.

"మిగిలిందంతా ఊడ్చినావా?" అన్నాడు.

ఊడ్చినాడులే, ఊడ్చినంకే ఆయప్ప నోరు తీపి చేసుకున్నాడు. ఇప్పుడు మబ్బు కమ్మితే చీపురు పట్టుకోని ఆ మలుపుకు ముందు ఉరికేది వాడే. సరే, మీ చెట్లు గూడా రోడ్డు మీదనే ఉండాయి కదా, కత ఇంటా కూచున్నారేమి? ఆకాశం సూడండి ఎట్లుందో. లేయండి, లేయండి.