షెడ్డులో ఫ్రిజ్

జనవరి ఎండకు ఆస్ట్రేలియాలోని బరోసా లోయ మాడిపోతోంది. నలభై మూడు డిగ్రీలు. వరండాలో అక్కాతమ్ముళ్లిద్దరే ఉన్నారు.

“రెడ్ వైన్‌ని ఫ్రిజ్‌లోంచి తీస్తున్నావేంట్రా? అదీ నువ్వు!”

“ఇప్పుడందరూ చల్లగానే అడుగుతున్నారక్కా. మా వైనరీలోనూ అలాగే పోస్తున్నాం.”

“వైన్ చదువు చదివొచ్చిన కొత్తలో, రెడ్ వైన్ చల్లగా తాగకూడదంటూ చుట్టాలందరి ముందూ నాన్న గ్లాసులో ఐసు తీసి పారేశావు. గుర్తుందా?”

“ఎందుకు లేదు? పాపం, మళ్లీ ఆయన చల్లటిది ముట్టనే లేదు.”

“ఎవరు చెప్పార్రా నీకు? షెడ్డు ఫ్రిజ్‌లో, చేపల ఎర డబ్బా వెనకాల ఎప్పుడూ ఒక సీసా ఉండేది.”

“మరి నేనొచ్చినప్పుడల్లా వేడిదే పోసేవాడే!”

“నీ చదువంటే అంత గౌరవం మరి. నువ్వొస్తున్నావంటే పొద్దున్నే తీసి ఎండలో పెట్టేవాడు.”