వీరవేణి ఎవరండీ?

మీ అమ్మ పేరేమిటర్రా? ఈ అమ్మమ్మకి చెప్పండి. జయకర్, నువ్వు ఎస్తేరు అంటావు. దీవెనా, నువ్వేమో పాస్‌పోర్టులో ఉన్నట్టు వీరవేణి అంటావు. ఇద్దరికీ నూటికి నూరు మార్కులే. అదే కదా వచ్చిన చిక్కు!

నవ్వకురా. ఫోను పక్కన పెట్టు.

నిన్న మీ అమ్మ సల్మానియా ఆసుపత్రిలో డ్యూటీలో ఉండగా ఆటల కమిటీ ఆవిడ ఫోన్ చేసింది. యూదు పిల్లల అంతర్జాతీయ పోటీలు కదా, పిల్లలు తక్కువున్న దేశాల వాళ్ళందర్నీ కలిపి ఒక జట్టు కట్టి, ఎనిమిది వందల మీటర్లకి మన దీవెనని తీసుకున్నారు. అంతవరకు మీకు తెలుసు. ఆవిడ ఏమడిగిందో తెలుసా? 'దరఖాస్తులో తల్లి పేరు ఎస్తేరు అని రాశారు. పాస్‌పోర్టులో వీరవేణి ఉంది. ఈ వీరవేణి ఎవరండీ?' అని.

ఎవరని చెప్పను?

మొదట్నుంచీ వినండి. గుంటూరు దగ్గర మన ఊళ్ళో మన యూదుల ప్రార్థన ఇల్లు ఒక్క గది. శుక్రవారం పొద్దుగూకక ముందే దీపాలు వెలిగించేవాళ్ళం, శనివారం పొయ్యి రాజేసేవాళ్ళం కాదు. 'మీరేం యూదులే, మొన్నటిదాకా మా వెనక బెంచీల్లో కూర్చున్నారుగా' అని చర్చివాళ్ళ ఎగతాళి. 'బెంచీ మారితే రక్తం మారుద్దా?' అనేవాడు మా నాన్న.

మీ అమ్మకి ఆరో ఏడు. నేను పాఠాలు చెప్పే బళ్ళోనే చేర్చాలి. హెడ్మాస్టరు గంగాప్రసాద్ గారు అడ్మిషన్ రిజిస్టరు నా ముందుకు తోసి, 'మీ పిల్లే కదా టీచరమ్మా, మీరే నింపుకోండి' అన్నారు. మతం అని ఒక గడి. కులం అని ఇంకో గడి. యూదు అని రాస్తే, అలాంటి మాట మండలాఫీసు జాబితాలోనే లేదు. క్రైస్తవ అని రాస్తే ఎస్సీ సర్టిఫికెట్టు రాదు. హిందూ, మాదిగ అని రాస్తే వస్తుంది. రాశాను. మరి దాని పక్కన ఎస్తేరు ఎలా ఇముడుద్ది? వీరవేణి అని పెట్టాను. పక్కింటి పిల్ల పేరు! అప్పటికి అదే తోచింది.

అబద్ధమా? మాదిగ అన్నది నిజమే కదా! మంచినీళ్ళ దగ్గర మమ్మల్ని ఆపినవాళ్ళు, మీరు ఏ దేవుణ్ణి మొక్కుతారని అడిగి ఆపలేదుగా!

ఆ కాగితంతో నర్సింగ్ సీటు. సీటుతో డిగ్రీ, డిగ్రీతో ఈ బహ్రెయిన్ ఉద్యోగం, వీసా, గుదైబియాలో ఈ రెండు గదులు, మీ బడి. గొలుసుకుట్టు చూశారుగా? ఒక్క పోగు లాగితే చాలు.

కమిటీ ఆవిడ మంచిదే పాపం. 'మీరు తరతరాలుగా యూదులేనని ఒక్క ఉత్తరం రాయండి, ఫోటోతో మా వెబ్‌సైట్లో వేస్తాం, ఎంత అందమైన కథ!' అంది. కథట! మీ అమ్మకి సీటొచ్చినప్పుడు పళ్ళు నూరినవాళ్ళు ఊళ్ళో ఇంకా బతికే ఉన్నారు. ఆ కథ పట్టుకుని, సర్టిఫికెట్టు దొంగదని కలెక్టరాఫీసు మెట్లెక్కరూ?

రాయకపోతే నువ్వు యూదు పిల్లవి కావు. రాస్తే మీ అమ్మ దొంగ.

పొద్దున మనామా బజారులో యూదుల గుడి, ఆ సినగాగు దాకా నడిచి వెళ్ళాను. తలుపు మూసి ఉంది. తెరిచి ఉన్నా లోపలికెళ్ళి ఏమడుగుతాను?

దీవెనా, ఆ పెన్ను నాకెందుకిస్తున్నావే? ఉత్తరం రాయమనా? అక్కర్లేదమ్మా. నిన్ననే ఫోన్లో చెప్పేశాను. 'వీరవేణే మా పిల్ల అసలు పేరు, ఎస్తేరు అని పొరపాటున పడింది. దీవెన పేరు కొట్టెయ్యండి' అన్నాను.

అవును. నిన్ను అడగలేదు. అడిగితే అనలేకపోయేదాన్ని.

అలా చూడకు, నా మీద అరిచెయ్యి. పోనీ వెళ్ళి తలుపేసుకో. మీ అమ్మకింకా తెలీదు. నువ్వే చెప్పు, నాకు నోరు రావడం లేదు.

జయకర్, జరుగు నాయనా. బట్టలు సగమే ఆరేసి వచ్చాను. మీ అమ్మ యూనిఫారం ఇంకా బకెట్లోనే ఉంది, రేప్పొద్దున డ్యూటీకి కావాలి.