కొత్త కాపీ మిషను

ఆఫీసులో కాపీలు తీసే ఆవిడ ముఖమంతా నవ్వు చేసుకుని లెక్కల గుమాస్తా గదిలోకి వచ్చింది. ఆ నవ్వు చూడగానే అతను చూపు లెక్కల పుస్తకంలోకి దించుకున్నాడు.

"కొత్త మిషనుకి డబ్బు మంజూరైందటగా తమ్ముడూ!"

"అయింది అక్కా."

"నీ నోరు చల్లగుండ! ఒక్కో కాగితం లోపలికి తోసి తోసి నా నడుం పడిపోతోందని నువ్వు గట్టిగా చెప్పబట్టే కదా!"

"ఇక తోయక్కర్లేదు. కట్ట పెడితే అదే లాక్కుంటుంది."

"అబ్బో, దొరసాని మిషనే! మరి పిల్లికి బిచ్చం పెట్టని మన మేనేజరు అంత సొమ్ము ఎలా విదిల్చాడు?"

"విదల్చలేదు. ఉన్న బడ్జెట్లోనే సర్దమన్నాడు."

"దేంట్లో కోత పెట్టావు? టీలోనా?"

అతను కాలిక్యులేటరు మీటలు ఊరికే నొక్కుతూ కూర్చున్నాడు.

"నిన్నే తమ్ముడూ!"

"నీ జీతంలో అక్కా. అలాంటి మిషను వస్తే కాపీలకి వేరే మనిషెందుకని వచ్చే నెల నుంచి నీ ఉద్యోగం కొట్టేశాడు. నీకు సాయం చెయ్యబోయి నీ నోటి దగ్గర కూడు లాగేశాను."

ఆవిడ గోడ పట్టుకుని స్టూలు మీద కూలబడింది.

"పోనీ, తీసిన కాపీలు వరసగా పేర్చి పిన్నులు కొట్టాలి కదా? దానికైనా ఒక మనిషి కావాలని చెప్పి చూడు."

"అదీ మిషనే చేస్తుంది." అతను తలెత్తలేకపోయాడు. "నీ వేళ్లు వాచిపోతున్నాయని నేనే పట్టుబట్టి ఆర్డర్లో రాయించాను అక్కా."