పెద్దమనిషి ఉరకడమేంది?

"అవ్వా, తాత బైబిలును మన మాటల్లో రాస్తాండెనంట గదా. ఎట్ల రాస్తాండె?"

ఎట్ల రాస్తాండెనా? ఒక్కడే కూచ్చోని రాసేది కాదమ్మా. జమ్మలమడుగు చర్చిలో ఉపదేశి గదా మీ తాత. ఉన్న బైబిలేమో అంతా పుస్తకాల భాష, మనోళ్లకు సగం అర్థమయ్యేది కాదు. దాన్ని మన మాటల్లో రాసుకోని, పొద్దు గూకేటప్పుడు మా అరుగు మీద నలుగుర్ని కూచ్చోబెట్టి చదివేది. చదివి మూసేసి, "ఇప్పుడు మీరు చెప్పండప్పా" అనేది. వాళ్లు యాడ తడబడితే ఆడ మార్చేది. నేను లోపల సంగటి కెలుకుతా వింటాంటి. పొయ్యి కింద కంపకట్టెలు, కండ్ల నిండా పొగ... గ్యాసు యాడిది అప్పుడు?

ఏం చెప్తాంటి? ఆఁ, ఇల్లు ఇడిచిపోయిన కొడుకు కత. అంతా తగలేసి, తిండికి ల్యాక తిరిగొస్తాంటే, నాయన దూరం నుంచే చూసి ఉరికిపోయి కావిలించుకుంటాడు గదా? అది చదివి, చెప్పండప్పా అన్న్యాడు. ఒకాయన, "నాయన అరుగు మీద కూచ్చోనుండె, కొడుకొచ్చి కాళ్ల మీద పడె" అన్న్యాడు. ఇంకొకాయనైతే నాయన మొగం తిప్పుకున్న్యాడంట! ఒక్కరు గూడా ఉరికినాడు అనల్యా, చూడు.

మా మామ, అదే మీ తాత వాళ్ల నాయన, గట్టిగా తగులుకున్న్యాడు. "తలగుడ్డ కట్టిన పెద్దమనిషి ఉరకడమేందిరా? ఊరు నవ్వదా? తీసెయ్ ఆ మాట." మీ తాతేమో, "ఆడ అట్లే ఉంది నాయనా, నేనెట్ల తీసేది?" అన్న్యాడు. అంతే, మా మామ మళ్ల కతలకు కూచ్చోల్యా.

ఆ కోపం యాడిదో నాకు తెల్సు. మా మరిది, మీ చిన్నతాత, ఇంట్లో చెప్పకుండా కాడెద్దును పొద్దుటూరు సంతలో అమ్మి పులివెందల దిక్కు పోయిండె. "వాడు గడప తొక్కితే నేనీ ఇంట్లో ఉండను" అనిండె మా మామ. మా అత్త ఆ దిగులుతోనే మంచం పట్టె.

జొన్నకోతలప్పుడు, మధ్యాన్నం... కాదులే, పొద్దు వాలింది... ఎవురో బక్కమనిషి వీధి మలుపు కాడ నిలబడినాడు. ముందుకు రాడు, ఎనక్కు పోడు. చూస్తే మా మరిది! మా మామ అరుగు మీదే ఉండాడు, చూస్తానే ఉండాడు. ఇంగ ఏం రభస అయితాదో అనుకుంటి.

లేసినాడు. చెప్పులు గూడా తొడుక్కోల్యా. ఉరికినాడమ్మా! మోకాళ్ల నొప్పుల మనిషి, తలగుడ్డ జారి దోవలో పడితే ఎత్తుకోను గూడా ఎత్తుకోల్యా. లోపల్నుంచి మా అత్త "ఎవురే, ఎవురే" అని అరుస్తాంది. "నీ చిన్నకొడుకే అత్తా" అని ఏడుస్తానే కేకేస్తి. నేనే పోయి తలగుడ్డ తెచ్చి, మట్టి దులిపి పెట్టినా.

ఆ వారం మళ్ల అరుగు మీద చేరినారు. మీ తాత ఆ కతే తీసినాడు. మా మామ, చిన్నకొడుకును పక్కన కూచ్చోబెట్టుకోని, "ఆ మాట అట్లే ఉండనీరా" అన్న్యాడు.

సల్లగుండు తల్లీ... నీళ్లియ్యి కొంచెం.